అడ్డంగా గుచ్చిన పిన్నీసు

లిస్బన్, గ్రాసా
జూన్ 15, 1998

నా అర్మిందోకి,

ఉత్తరం ఆలస్యమైందని అలగొద్దు. లక్సెంబర్గులో నువ్వు ఇటుకలు పేరుస్తున్నావు, ఇక్కడ నేను మనుషుల్ని పేరుస్తున్నాను, అంతే తేడా. నది ఒడ్డున పెట్టిన ప్రపంచ ప్రదర్శన కోసం ఎక్కడెక్కడి వాళ్లో దిగారు. అది చూడ్డం అయిపోగానే అందరూ తిన్నగా వచ్చి నేను నడిపే ఇరవై ఎనిమిదో నంబరు ట్రామే ఎక్కుతున్నారు. అల్ఫామా సందుల్లో మలుపు తిరిగినప్పుడల్లా ట్రాముతో పాటు అందరూ ఒకవైపుకి ఒరిగిపోతారు, మళ్లీ నిలదొక్కుకుని ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నవ్వుకుంటారు. ఆ ఒరగడానికీ నవ్వడానికీ మధ్యలోనే వాళ్ల జేబులు ఖాళీ అవుతున్నాయి.

ఈ ఏడాది జేబుదొంగలు కూడా కొత్తవాళ్లు చాలామంది వచ్చారు. పటం విప్పి దారి అడిగేవాళ్లు ఒకరకం, మెట్టు మీద తూలిపడి మీద పడేవాళ్లు ఇంకోరకం. మనకి తెలిసిన పాత మొహం మాత్రం ఒకటే. నువ్వున్నప్పుడు కూడా ఎక్కేవాడు, సన్నగా, గౌరవంగా, చర్చిలో కొవ్వొత్తులు వెలిగించేవాడిలా ఉంటాడు. ఎంత ఎండైనా చేతిమీద బూడిదరంగు కోటు వేలాడుతూనే ఉంటుంది. దాని కింద ఆ చెయ్యి ఏం చేస్తుందో దేవుడికే తెలియాలి. మీ అమ్మ సంగతి తెలుసుగా, అత్తయ్య అతనికి చలిమనిషి అని పేరు పెట్టింది. అతను ఎక్కగానే, "పాపం, జూన్‌లో కూడా వణుకుతున్నాడు, కిటికీ వెయ్యండమ్మా" అని ట్రామంతా వినపడేలా అంటుంది. అతను టోపీ సర్దుకుని బయటికి చూస్తాడు. ఇన్నేళ్లలో ఎవరికీ దొరకలేదు.

అత్తయ్య భోజనం అవగానే ఏప్రాన్ కూడా విప్పకుండా వచ్చి నా వెనక సీట్లో కూర్చుంటోంది. చివరి స్టాపు ప్రజేరెష్ శ్మశానం దాకా వచ్చి మళ్లీ నాతోనే తిరిగొస్తుంది. పర్సు నిండా పిన్నీసులు. ఎవరి సంచి నోరు తెరుచుకుని ఉంటే వాళ్లకి ఒక పిన్నీసు ఇస్తుంది, డబ్బులు పుచ్చుకోదు. ఇంగ్లీషు రాదు, ఫ్రెంచి రాదు, అయినా ఆవిడ చెప్పింది అర్థం కానివాణ్ణి నేనింతవరకు చూడలేదు. మొన్న ఒక ఆరడుగుల కుర్రాడితో, "ఏం నాయనా, వెనక జేబులో పర్సు పెట్టుకుని కూర్చున్నావు, గుడ్డు పొదుగుతున్నావా? ముందుకి తెచ్చుకో" అంది. వాడు ఎర్రగా కందిపోయి తెచ్చుకున్నాడు. ఒక అమ్మాయి సంచి వీపు మీంచి లాగి, "ఇది వీపుకి కాదు తల్లీ, పొట్టకి. కడుపులో బిడ్డలా మొయ్యి" అంది. ఆ పిల్ల సంచిని రెండు చేతులా కావలించుకుంది. "ఎవడైనా మీద ఐస్‌క్రీం ఒలకబోస్తే మరక చూసుకోకు, జేబు చూసుకో" అన్నది ఇప్పుడు నా ట్రాములో అందరికీ కంఠతా వచ్చేసింది.

నన్ను మాత్రం ఒకరోజు తిట్టింది. 'జేబుదొంగలున్నారు జాగ్రత్త' అని ప్రతి స్టాపు ముందూ అరవమని మాకు చెప్పారుగా, నేను బుద్ధిగా అరుస్తున్నాను. "ఆపవే ఆ కేకలు. నువ్వు అరవగానే ఎవరి చెయ్యి ఎక్కడికి పోతోందో చూడు. చలిమనిషి కూడా అదే చూస్తున్నాడు. వాడి పని సగం నువ్వే చేసిపెడుతున్నావు" అంది. తర్వాతి స్టాపు ముందు అరిచి అద్దంలోకి చూశాను. నిజమే అర్మిందో. ట్రామంతా ఒక్కసారిగా చేతులు కదిలాయి, ఒకరిది గుండె మీదికి, ఒకరిది తుంటి మీదికి, ఒకరిది సంచి అడుగుకి. ఎవరి ప్రాణం ఎక్కడుందో వాళ్లే చూపించారు. చలిమనిషి కళ్లు మాత్రం నెమ్మదిగా, వరసలో, పుస్తకం చదువుతున్నట్టు కదిలాయి. అప్పట్నుంచి అరవడం మానేశాను.

ఇప్పుడు అసలు సంగతి. ఇది నీకు రాయొద్దని మీ అమ్మ ఒట్టు వేయించుకుంది, అయినా రాస్తున్నాను.

వస్తువు పోయినవాళ్లు మనింటికి వస్తారని తెలుసుగా. పోయినవి దొరికించే పునీత అంతోనివారు పుట్టింది మన అల్ఫామాలోనే, ఆయన జపం అత్తయ్యలా చెప్పేవాళ్లు ఈ కొండమీద లేరు. ఒక్క తడబాటు లేకుండా చివరిదాకా చెబితే వస్తువు దొరుకుతుంది, మధ్యలో నాలుక తడబడితే ఇక దాని మీద ఆశ వదులుకోవాల్సిందే. నువ్వు నవ్వేవాడివి, నేనూ నవ్వేదాన్ని. కానీ ఆవిడ ఎప్పుడైనా తడబడిందా? మొన్న అంతోనివారి పండగనాడు, వీధిలో సార్డీన్ చేపలు కాలుస్తుంటే, పక్కింటి కుస్తోదియమ్మ చెవిపోగు పోయిందని వచ్చింది. అత్తయ్య మొదలుపెట్టింది, సగంలో ఆగిపోయింది. మర్చిపోయింది కాబోలని కుస్తోదియమ్మ నవ్వబోయి ఆగింది. అత్తయ్య నోరు తెరిచే ఉంది, మాట మాత్రం రావడంలేదు. కాసేపటికి, "పొగ, కళ్లు మండుతున్నాయి" అని లోపలికి వెళ్లిపోయింది. నేను వెనకే వెళ్తే మంచం మీద కూర్చుని చేతులు చూసుకుంటోంది. "పోయింది చెవిపోగు కాదే అమ్మాయ్" అంది.

నాకు భయంగా ఉంది.

నీ
దెవోలిందా


గ్రాసా
జూలై 9

అర్మిందో,

నువ్వు ఫోనులో 'వయసు కదా' అన్నావు. వయసే అయితే నేను ఈ ఉత్తరం రాయను.

జూన్ ఆఖరి మంగళవారం అత్తయ్య నా ట్రాము ఎక్కలేదు. నా ముందు బండి ఎక్కేసింది. ప్రజేరెష్‌లో దిగి, ఎటు వెళ్లాలో తెలియక శ్మశానం గేటు దగ్గర బల్ల మీద కూర్చుందట. నేను బండి ఆపి పరిగెత్తాను. నన్ను చూసి, "గ్రాసాకి ట్రాము ఎక్కడ ఆగుతుందమ్మా?" అని మర్యాదగా అడిగింది. అర్మిందో, ట్రాము ఆవిడ ఎదురుగానే ఉంది. అడిగింది నన్ను. గేటు కాపలా ఆయన చెప్పాడు, ఎవరో ఒకాయన చాలాసేపు పక్కన కూర్చుని కబుర్లు చెప్పాడట, నా ట్రాము మలుపు తిరగ్గానే లేచి వెళ్లిపోయాడట. పుణ్యాత్ముడు ఎవరో, ఒక థాంక్స్ కూడా చెప్పలేకపోయాను.

ఇంటికొచ్చాక ఏప్రాన్ జేబు తడిమాను. పర్సు ఉంది, ఇంటి తాళంచెవి ఉంది. కానీ పిన్నీసు అడ్డంగా గుచ్చి ఉంది. నీకు తెలుసు, ఆవిడ పిన్నీసు ఎప్పుడూ నిలువుగానే గుచ్చుతుంది. మన పెళ్లిలో నాకు కూడా అలాగే గుచ్చి, "నిలువుగా ఉంటే లాగినా ఊడదు" అని నేర్పింది. సరే, ఆరోజు కంగారులో గుచ్చుకుందేమో అనుకున్నాను. తర్వాత కూడా రెండు మూడుసార్లు అలాగే కనిపించింది. ట్రాములోకి వెళ్లేటప్పుడు నిలువుగా ఉంటుంది, తిరిగొచ్చేసరికి అడ్డంగా. ప్రపంచమంతటికీ పిన్నీసు పెట్టడం నేర్పిన మనిషి తన జేబుకి పెట్టుకోవడం మర్చిపోతోంది. జపం మర్చిపోయిందన్నదాని కంటే అదే నాకు ఎక్కువ బాధేసింది, ఎందుకో అడక్కు.

అందుకని పిన్నీసుల డబ్బా తీసి బీరువా మీద పెట్టేశాను. ఇక ట్రాము వద్దన్నాను. "ఎందుకు?" అంది.

"ఎండగా ఉంది అత్తయ్యా."

"చలిమనిషికి లేని ఎండ నాకెక్కణ్ణుంచి వచ్చిందే? తాళం వేస్తావా నన్ను?"

"తాళం ఎందుకు వేస్తాను?"

"మరి నా డబ్బా ఏది?"

నేను అబద్ధం చెప్పాను. ఆవిడకి తెలిసింది. ఆపైన అడగలేదు. ఇప్పుడు రోజంతా కిటికీ దగ్గర కూర్చుంటోంది. కింద నుంచి ట్రాము గంట వినపడినప్పుడల్లా చెయ్యి ఏప్రాన్ జేబు మీదికి వెళుతుంది. అది నా ట్రామే, గంట కొట్టేది నేనే. రోజంతా అలా ఆవిడ గుండె మీద గంట కొడుతూ బండి నడుపుతున్నాను.

నేను బండి మీద ఉంటే ఇంట్లో ఆవిణ్ణి చూసేవాళ్లు లేరు. లోరెష్‌లో కన్యస్త్రీలు నడిపే వృద్ధాశ్రమం ఉంది. వెళ్లి చూశాను, శుభ్రంగా ఉంది, తోట ఉంది, ఒక గది ఖాళీ ఉంది. అక్కడ ట్రాము లేదు, అంతే. ఆవిడ నీ తల్లి, కాబట్టి మాట నీదే కావాలి. నన్ను రాక్షసి అనుకున్నా పర్వాలేదు. మరోసారి ఆ బల్ల మీద ఆవిడ కూర్చుని ఉండి, పక్కన కూర్చునేవాడు ఎవడూ లేకపోతే ఎలా? నువ్వు అక్కడ ఉన్నావు, నేను బండి మీద ఉన్నాను. ఆలోచించి రాయి.

దెవోలిందా


గ్రాసా
జూలై 26, ఆదివారం

నా ప్రాణమా,

నీ ఉత్తరం అందింది. 'నువ్వు దగ్గరుండి చూస్తున్నావు, నీ నిర్ణయమే నా నిర్ణయం' అని రాశావు. అక్కడక్కడ సిరా చెదిరి ఉంది, చూశాను. ఆశ్రమానికి కబురు పెట్టాను, సోమవారం తీసుకొస్తామని. అంటే రేపు. ఇప్పుడు ఇది నిదానంగా చదువు.

వెళ్లేముందు ఒక్కసారి తిప్పుదామని నిన్న అత్తయ్యని ట్రాము ఎక్కించాను. డబ్బా దించి ఇచ్చాను. తెరిచి చూసి, "ఎలకలేమన్నా తిన్నాయేమో అనుకున్నా" అంది. అంతే, ఇక ఆ మొహం చూడాలి. నా వెనక సీట్లో కూర్చుని, ఎక్కిన ప్రతివాణ్ణీ పైనుంచి కిందిదాకా పరీక్ష చేస్తూ కూర్చుంది. చలిమనిషి కూడా ఎక్కాడు. "ఏం, బతికే ఉన్నావా? జలుబు చెయ్యలేదా?" అంది. అతను మొదటిసారి జవాబు చెప్పాడు. "మీరు లేక కొంచెం చేసిందమ్మా" అన్నాడు.

ఎష్ట్రేలా చర్చి దాటాక అత్తయ్య ఒక పిల్ల సంచికి పిన్నీసు పెట్టడానికి లేచింది. పర్సు సీటు మీదే వదిలేసింది. నేను అద్దంలో చూస్తూనే ఉన్నాను. చలిమనిషి పక్కకి జరిగాడు, కోటు ఆ సీటు మీదుగా వెళ్లింది, పర్సు లేదు. అందులో ఇంటి తాళంచెవి ఉంది. నా కాలు గంట తొక్కే మీట మీద ఉంది, కేక గొంతులో ఉంది. ఇంత ముసలిదాని పర్సు కొట్టేస్తావా, నీకు ఇవాళ మూడింది అనుకున్నాను. అప్పుడు మలుపు వచ్చింది, అందరూ ఒరిగారు, అతను అత్తయ్య వైపు ఒరిగాడు. కోటు అంచు కింద నుంచి రెండు వేళ్లు బయటికి వచ్చాయి. ఏప్రాన్ జేబులోకి పర్సు జారింది. ట్రాము ఇంకా మలుపులోనే ఉంది, ఆ రెండు వేళ్లే జేబు అంచు దగ్గరికి లాగి పిన్నీసు గుచ్చాయి. అడ్డంగా. పక్కన నిలబడి, ఒంటిచేత్తో, కోటు కింద నుంచి గుచ్చేవాడికి అడ్డంగా తప్ప ఇంకెలా కుదురుతుంది? అత్తయ్యకి ఈగ వాలినంత కూడా తెలియలేదు. ఆ పిల్లతో మాట్లాడుతూనే ఉంది.

నేను బ్రేకు మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయాను. వెనక కార్లవాళ్లు హారన్లు కొడుతున్నారు. ఇన్నాళ్లూ ఆవిడ పర్సు ఎన్నిసార్లు సీటు మీద వదిలేసిందో, ఎన్నిసార్లు ఆ చెయ్యి తిరిగి పెట్టిందో. ఆ బల్ల మీద కూర్చుని కబుర్లు చెప్పింది ఎవరో కూడా అప్పుడే తెలిసింది. తీసుకోవడం తప్ప ఇంకేమీ తెలియదనుకున్న చెయ్యి అది. తీసేటప్పుడు ఎంత మెత్తగా తీస్తుందో అంత మెత్తగానూ పెట్టింది. పండగనాడు పీఠం దగ్గర మోకరిల్లినప్పుడు కూడా నాకు అలాంటి వణుకు పుట్టలేదు, నిజంగా చెబుతున్నాను.

మంచివాడు అనడంలేదు. ఇంకా విను.

తిరుగు ప్రయాణంలో వయసు మళ్లిన ఒక డెన్మార్క్ ఆవిడ ఒక్కసారిగా కేక పెట్టింది. ఆవిడ వీపు సంచికి వాళ్ల జెండా కుట్టి ఉంది కాబట్టి ఏ దేశమో తెలిసింది. మెడలో తాడు ఉంది, తాడుకి వేలాడాల్సిన చిన్న సంచి లేదు. తాడు కొస చేత్తో పట్టుకుని చుట్టూ అందరి మొహాలూ చూస్తోంది. అంతకుముందు స్టాపులో ఆవిడ పక్కన నిలబడ్డది ఎవరో నాకు తెలుసు. నేను బండి ఆపేశాను. తలుపులు తెరవలేదు. అలాంటప్పుడు ఏం చెయ్యాలో నీకు తెలుసు, పోలీసులు వచ్చేదాకా ఎవర్నీ దిగనివ్వకూడదు. అద్దంలో చలిమనిషి నన్నే చూస్తున్నాడు. పిలిస్తే అతను జైలుకి. పిలవకపోతే ఈ ముసలావిడ పరాయి ఊళ్లో నిలువునా మునిగిపోతుంది. పిలిస్తే మాత్రం, రేపు మీ అమ్మ పర్సు ఎవరు చూస్తారు? ఇలాంటి లెక్క నేను వెయ్యాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

"తలుపులు వేసే ఉంచు, కానీ పోలీసెందుకు? అంతోనిని పిలుస్తాను" అంది అత్తయ్య.

కుస్తోదియమ్మ కూడా ట్రాములోనే ఉంది. "వద్దు ఫెలిష్మీనా, మొన్న నా చెవిపోగుకి ఏమైందో తెలుసుగా" అని అత్తయ్యని ఆపబోయింది. అత్తయ్య వినిపించుకోలేదు. లేచి, కమ్మీ పట్టుకుని, ఆ డెన్మార్క్ ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకుని జపం మొదలుపెట్టింది. మన ముసలమ్మలంతా శిలువ గుర్తు వేసుకున్నారు. ఏం జరుగుతోందో తెలియని విదేశీయులు కూడా టోపీలు తీసేశారు. నేను సీట్లోంచి పూర్తిగా వెనక్కి తిరిగిపోయాను. ఆవిడ గొంతు బాగానే సాగుతోంది, అంతోనివారు చేసిన అద్భుతాలు ఒక్కొక్కటే వస్తున్నాయి, నేను లోపల్లోపల ఆవిడ కంటే ముందు పరిగెడుతున్నాను. అప్పుడు ఆగింది.

ఖైదీల సంకెళ్ల గురించి వచ్చే చోట ఆగింది. నోరు తెరిచి ఉంది. పండగనాడు చూసిన అదే మొహం. కమ్మీ మీద వేళ్లు తెల్లబడ్డాయి. ఆ మాట నాకు తెలుసు అర్మిందో, కానీ అందించలేకపోయాను. డెన్మార్క్ ఆవిడ ఇంకా గట్టిగా చెయ్యి పట్టుకుంది.

ట్రాము వెనక నుంచి ఒక మగగొంతు, చిన్నప్పుడు చర్చిబళ్లో అప్పజెప్పినట్టు, తలవంచుకుని, ఆ పాదం చెప్పింది. అంతే, ఒక్క పాదం. అత్తయ్య వెనక్కి తిరగలేదు. తల ఊపి, అక్కణ్ణుంచి అందుకుని చివరిదాకా చెప్పేసింది, ఆమెన్ కూడా ఆవిడే అంది.

"తడబడ్డావు. ఇది చెల్లదు" అంది కుస్తోదియమ్మ. ఆవిడ చెవిపోగు దుఃఖం ఆవిడది.

అత్తయ్య నెమ్మదిగా కూర్చుని, ఏప్రాన్ సర్దుకుని, జేబు మీద అడ్డంగా ఉన్న పిన్నీసుని వేలితో తడిమింది. ఒకసారి కాదు, అటూ ఇటూ తడిమింది. అప్పుడు నాకు అర్థమైంది, ఆవిడకి ముందునుంచీ తెలుసు.

"ఇంటి మనిషి అందిస్తే తడబాటు కాదు" అంది.

డెన్మార్క్ ఆవిడ రుమాలు కోసం గౌను జేబులో చెయ్యి పెట్టబోయింది, చెయ్యి వెళ్లలేదు. జేబుకి పిన్నీసు పెట్టి ఉంది. అడ్డంగా. విప్పి, చిన్న సంచి బయటికి తీసింది. పాస్‌పోర్టు పక్కన పెట్టేసి, ముందుగా ఒక పాత మగవాళ్ల గడియారం తీసి చెవి దగ్గర పెట్టుకుని విన్నది. ట్రామంతా ఆవిడతో పాటు విన్నట్టే ఉంది. అందరూ అత్తయ్యని చూస్తూ ఉన్నప్పుడు ఆ సంచి ఎప్పుడు వెళ్లిందో నేను చూడలేదు. ఆ కాసేపు నేను కూడా అద్దంలోకి చూడలేదు, ఇక ఎవరు చూసి ఉంటారు? కుస్తోదియమ్మ మోకాళ్ల మీద పడింది. తలుపులు తెరిచాను. చలిమనిషి దిగుతూ అత్తయ్యకి టోపీ తీశాడు. "రేపు కోటు వేసుకునే రా, చలి పెరుగుతోంది" అంది ఆవిడ.

అతను రేపు మళ్లీ ఇంకొకరి జేబులో చెయ్యి పెడతాడు. తెలుసు. నేను మళ్లీ అద్దంలో అతని మీద కన్ను వేసే ఉంచుతాను, అవసరమైతే పోలీసుల్ని పిలుస్తాను కూడా. అయినా ఆ ట్రాములో అత్తయ్యని కాచుకునే కళ్లు ఇన్ని ఉన్నాయని నాకు తెలియదు. కాపలా కాసేది నేనొక్కదాన్నే అనుకుని, ఆవిణ్ణి తీసుకెళ్లి ట్రాము లేని చోట పెట్టబోయాను. ఇవాళ పొద్దున ఆశ్రమానికి ఫోన్ చేసి గది వద్దని చెప్పాను. నేను బండి మీద ఉన్నంతసేపూ అత్తయ్య నా వెనక సీట్లోనే ఉంటుంది. నేను లేనప్పుడు మన ఇంట్లో కూర్చుంటానని కుస్తోదియమ్మ తనంతట తనే వచ్చి చెప్పింది. ఎన్నాళ్లు ఇలా సాగుతుందో తెలియదు. ఆగస్టులో నువ్వు వస్తావుగా, వచ్చాక కలిసి ఆలోచిద్దాం. వచ్చేటప్పుడు పర్సు వెనక జేబులో పెట్టుకుని మాత్రం దిగకు, మీ అమ్మ పదిమందిలో పరువు తీస్తుంది.

ఇప్పుడు ఆవిడ నిద్రపోతోంది. ఏప్రాన్ కుర్చీ మీద ఉంది. మడతపెడుతూ చూశాను, పిన్నీసు ఇంకా అడ్డంగానే ఉంది. నిలువుగా మార్చబోయి, చెయ్యి రాక అలాగే వదిలేశాను.

నీ
దెవోలిందా